పొద్దున్న పూట సిస్టమ్ ఆన్ అవ్వట్లేదు, ఫ్యాన్ తిరిగి ఆగిపోతుంది, మదర్‌బోర్డ్ పోయిందంటున్నారు, నిజమేనా?

పూర్ణామార్కెట్ డీటీపీ

అందరికీ నమస్కారమండి. మాది వైజాగ్ వన్‌టౌన్, పూర్ణా మార్కెట్ దగ్గర చిన్న డీటీపీ షాపు, పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, కరపత్రాలు, దినకర్మ కార్డులు అన్నీ నేనే కొడతాను. శ్రావణమాసం ముహూర్తాల ఆర్డర్లు నెత్తి మీద ఉన్నాయి, సరిగ్గా ఇప్పుడే సిస్టమ్ ఇలా మొదలెట్టింది.

జరిగేదేంటంటే పొద్దున్న షాపు తీసి బటన్ నొక్కగానే లోపల ఫ్యాన్ తిరుగుతుంది, రెండు మూడు సెకన్లు తిరిగి టక్కుమని ఆగిపోతుంది, మళ్లీ దానంతటదే తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది, ఇలాగే కొట్టుకుంటూ ఉంటుంది. మానిటర్‌లో నో సిగ్నల్ అని వచ్చి నల్లగా అయిపోతుంది. బీప్ కూడా లేదు. వెనకాల స్విచ్ ఆపి కాసేపాగి మళ్లీ వేస్తూ ఉంటే ఎప్పుడో ఒకసారి పట్టుకుంటుంది. ఒక్కసారి పట్టుకుందా, ఇంక రాత్రి షాపు కట్టేదాకా ఏ ఇబ్బందీ లేదు, మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ ఆపేసి వచ్చి వేసినా వెంటనే వచ్చేస్తుంది. పొద్దున్న పూటే ఈ గోలంతా, ముసురు పట్టిన రోజైతే మరీను.

ఇంకోటి, ఆన్ అయ్యాక టైమూ తేదీ తప్పు చూపిస్తుంది, ఒక్కోసారి నల్ల స్క్రీన్ మీద ఎఫ్1 నొక్కమంటుంది.

ఐ3 మూడో జనరేషన్, హెచ్61 బోర్డు, డీడీఆర్3 ర్యామ్ 4 జీబీవి రెండు, 120 జీబీ ఎస్‌ఎస్‌డీ, 500 జీబీ హార్డ్ డిస్క్, ఎస్‌ఎంపీఎస్ (లోపల అన్నిటికీ కరెంట్ ఇచ్చే డబ్బా) కేబినెట్‌తో పాటు వచ్చిందే, పైన 450 వాట్స్ అని ఉంది. విండోస్ 10.

దగ్గర్లో ఒక సర్వీస్ వాళ్లకి చూపిస్తే మూత తీసి చూసి మదర్‌బోర్డ్ పోయింది, ఈ బోర్డులు ఇప్పుడు రావు, బోర్డు ప్రాసెసర్ ర్యామ్ మూడూ మార్చాల్సిందే అన్నారు. డబ్బు సంగతి ఒకటైతే, నా పనంతా పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో, ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, కొత్త దాంట్లో అవి సరిగ్గా తెరుచుకోకపోతే నా పరిస్థితేంటి? అయినా నాకు అర్థం కానిది ఒకటే, బోర్డు పోతే మరి మధ్యాహ్నం ఎలా వస్తుందండీ? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

గాజువాక కుర్రాడు

ఒకసారి ఫార్మాట్ కొట్టి చూడండి మేడమ్, విండోస్ కరప్ట్ అయితే ఇలాగే ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటుంది, మా ఇంట్లో దానికి అలాగే తగ్గింది.

చిప్‌లెవెల్ తమ్ముడు

ఫార్మాట్ మాత్రం వద్దక్కా, దయచేసి ఆ పని చెయ్యొద్దు. బటన్ నొక్కాక స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా రావట్లేదంటే విండోస్ దాకా వ్యవహారం వెళ్లనేలేదు. ముందు కరెంట్ సరిగ్గా రావాలి, తర్వాత బోర్డు తనని తాను చెక్ చేసుకోవాలి, అంటే ప్రాసెసర్ ఉందా ర్యామ్ ఉందా డిస్‌ప్లే ఉందా అని, అదంతా అయ్యాకే హార్డ్ డిస్క్ వైపు చూసి విండోస్‌ని పిలుస్తుంది. మీది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతోంది. ఫార్మాట్ కొడితే మీ పీఎండీ ఫైళ్లు, అదే పేజ్‌మేకర్‌వి, పోతాయి తప్ప ఫ్యాన్ ఆగడం ఆగదు.

మీరు అడిగిన ప్రశ్న ఉంది చూశారా, బోర్డు పోతే మధ్యాహ్నం ఎలా వస్తుంది అని, అదే అసలు పాయింట్. రాత్రంతా చల్లబడి ఉన్నప్పుడు రాకపోవడం, కాస్త వేడెక్కాక రావడం, ఒకసారి వచ్చాక రోజంతా బాగుండడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే నేను ముందు ఎస్‌ఎంపీఎస్‌నే అనుమానిస్తాను. అందులో కెపాసిటర్లు ఉంటాయి, చిన్న చిన్న డబ్బాల్లాగ, ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే కరెంట్‌లో ఎగుడుదిగుళ్లు లేకుండా సాఫీ చేసేది అవే. లోపల ద్రవం ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది ఆరిపోతుంది, అప్పుడు చల్లగా ఉన్నప్పుడు వాటి పని సరిగ్గా జరగదు, వేడి తగిలితే కొంత నయమవుతాయి. మీరు స్విచ్ వేసి తీసి వేసి తీసి చేస్తున్నారే, ఆ కాసేపట్లో అవి వేడెక్కుతున్నాయి, అందుకే ఎప్పటికో పట్టుకుంటోంది.

ఫ్యాన్ తిరిగి ఆగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఎస్‌ఎంపీఎస్ ఆన్ అయ్యాక 12, 5, 3.3 వోల్టులు మూడూ కుదురుకున్నాయి, ఇంక మొదలుపెట్టుకో అని బూడిద రంగు వైరు మీద బోర్డుకి ఒక సిగ్నల్ పంపాలి, పవర్ గుడ్ అంటారు. 100 నుంచి 500 మిల్లీ సెకన్ల లోపు అది రావాలి. రాకపోయినా, వచ్చి పడిపోయినా బోర్డు ప్రాసెసర్‌ని కదలనివ్వదు, మళ్లీ మొదట్నుంచి మొదలు.

అలాగని ఇప్పుడే వెళ్లి కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనెయ్యమని కాదు. ఇవే లక్షణాలు ర్యామ్ కాంటాక్ట్ సరిగ్గా లేకపోయినా రావచ్చు, ప్రాసెసర్ దగ్గర పెట్టే 4 పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ లూజైనా రావచ్చు, కేబినెట్ ముందు పవర్ బటన్ లోపలికి నొక్కుకుపోయి ఉన్నా రావచ్చు (బటన్ నొక్కి పట్టుకుంటే నాలుగైదు సెకన్లకి సిస్టమ్ ఆరిపోతుంది కదా, అలాగ). కాబట్టి ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. ఒక్క షరతు, ఏం చూసినా పొద్దున్నే షాపు తీసిన వెంటనే చూడండి. మధ్యాహ్నం చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి, సర్వీస్ షాపుల్లో సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి, కస్టమర్ తెచ్చేసరికి బండి మీద ఊగి వేడెక్కి వస్తుంది, లేదా ఒకసారి చూసి పక్కన పెడతారు.

ముందు ప్లగ్ పీకెయ్యండి. హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ, డీవీడీ ఉంటే డీవీడీ, ముందున్న యూఎస్‌బీ వైర్లు అన్నీ బోర్డు నుంచి తీసెయ్యండి. కీబోర్డ్, మౌస్, ప్రింటర్ కూడా. ప్రాసెసరూ దాని ఫ్యానూ ఒక ర్యామూ మాత్రమే ఉంచండి. ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్నటి వైర్లు కూడా లాగేసి (లాగేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి, ఏది ఎక్కడో తర్వాత గుర్తుండదు), పవర్ స్విచ్ పిన్నులు రెండింటికీ స్క్రూడ్రైవర్ కొన ఒక్క క్షణం ఆనించి వదిలెయ్యండి, బటన్ నొక్కినట్టే ఆన్ అవుతుంది. అప్పటికీ అదే ఆటైతే బటన్ తప్పు కాదు, హార్డ్ డిస్క్ తప్పు కాదు. తర్వాత ర్యామ్ స్లాట్ మార్చి, రెండో ర్యామ్ పెట్టి చూడండి. ఒక చిన్న బజర్ కొనుక్కుని బోర్డులో స్పీకర్ అని రాసున్న చోట గుచ్చండి, మీ కేబినెట్‌కి లేనట్టుంది, అందుకే బీప్ వినపడట్లేదేమో.

ఆఖర్న వేరే ఎస్‌ఎంపీఎస్. పక్క షాపులో ఎవరిదైనా పని చేసే సిస్టమ్ ఉంటే ఒక పావుగంట అడగండి, దాన్ని విప్పక్కర్లేదు, పక్కన పెట్టుకుని 24 పిన్నులదీ 4 పిన్నులదీ ఆ రెండు కనెక్టర్లూ మీ బోర్డుకి పెడితే చాలు.

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్

అమ్మా, తమ్ముడు బాగా చెప్పాడు. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పని చేసి రిటైర్ అయినవాణ్ణి. రెండు ముక్కలు కలుపుతాను.

అన్నిటికంటే ముందు నీ ఫైళ్లు భద్రం చేసుకో. వాటికి ఇప్పటిదాకా ఏమీ అవ్వలేదు, కానీ పాడైన ఎస్‌ఎంపీఎస్ మీద ఇలా పదే పదే ఆన్ ఆఫ్ చెయ్యడం హార్డ్ డిస్క్‌కి మంచిది కాదు. సాటా టు యూఎస్‌బీ కేబుల్ అని దొరుకుతుంది, ఎస్‌ఎస్‌డీని దాంతో ల్యాప్‌టాప్‌కి పెడితే పెన్‌డ్రైవ్ లాగ తెరుచుకుంటుంది. 500 జీబీది పెద్ద సైజు హార్డ్ డిస్క్ అయితే దానికి యూఎస్‌బీ కరెంట్ చాలదు, విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉన్న కేబుల్ తీసుకో. పీఎండీ ఫైళ్లతో పాటు ఫాంట్ ఫైళ్లు కూడా కాపీ చెయ్యి, అవి లేకపోతే తెలుగు అంతా పిచ్చి గీతల్లాగ కనబడుతుంది, నీకు తెలిసే ఉంటుంది.

టైమ్ తప్పు చూపించేది వేరే జబ్బు. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అని రాసుంటుంది, 3 వోల్టులది. ఏ వాచీ షాపులోనైనా దొరుకుతుంది, మార్చెయ్యి. అది మార్చాక బయాస్ (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సొంత సెట్టింగులు) లోపలికి వెళ్లి తేదీ పెట్టడం ఒకటే కాదు, సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) దగ్గర ముందు ఏముండేదో అదే ఉందో లేదో చూసుకోవాలి.

ఇంకొకటి, మీ షాపు వన్‌టౌన్ కదా. హార్బరు, సముద్రం రెండూ దగ్గరే. మన ఊళ్లో గాల్లో ఉప్పు ఉంటుంది, అది బోర్డు మీద, ర్యామ్ పళ్ల మీద కంటికి కనపడకుండా పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపూ ఏమీ చెయ్యదు. గాల్లో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ తేమని లాక్కుని తడిసిపోతుంది, వానాకాలం వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లుతుందే అచ్చం అదే. తడిసిన ఉప్పు కరెంట్‌ని పారనిస్తుంది, రాగిని తినేస్తుంది. ముసురు రోజు ఎక్కువ ఇబ్బంది అన్నావు కాబట్టి ఈ కోణం వదలొద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక తడిసిన బోర్డులు చాలా చూశాను, ఎండబెట్టి ఆన్ చేసినవి కొన్నాళ్లకే చచ్చిపోయాయి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఉప్పు పోగొట్టి బాగా ఆరబెట్టినవి బతికాయి. చాలామందికి కడగడం అంటేనే భయం, కానీ అక్కడ శత్రువు నీళ్లు కాదు, ఉప్పు.

గాజువాక కుర్రాడు

సారీ మేడమ్, విండోస్ దాకా రావట్లేదని గమనించలేదు. అన్నట్టు అంకుల్ సాటా మోడ్ అన్నారు కదా, మా ఇంట్లో అప్పుడు జరిగింది అదే అనుకుంటా ఇప్పుడు ఆలోచిస్తే. లోగో వచ్చేది, వెంటనే నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అయిపోయేది, టైమ్ కూడా తప్పు చూపించేది. ఫార్మాట్ చేస్తే తగ్గింది గానీ ఫొటోలన్నీ పోయాయి. ఫార్మాట్ లేకుండా అయ్యేదా అది?

చిప్‌లెవెల్ తమ్ముడు

అయ్యేది బ్రో. బ్యాటరీ అయిపోతే బయాస్ ఫ్యాక్టరీ సెట్టింగుల్లోకి వెళ్లిపోతుంది, ఈ హెచ్61 లాంటి పాత బోర్డుల్లో చాలావాటికి సాటా మోడ్ ఫ్యాక్టరీ సెట్టింగ్ ఐడీఈ అనే పాత పద్ధతి, విండోస్ వేసినప్పుడు ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి పెట్టి వేసుంటారు. మోడ్ మారితే విండోస్‌కి తన డిస్కే కనపడదు, నీలం స్క్రీన్ మీద ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్ అని వస్తుంది. బయాస్‌లోకి వెళ్లి మళ్లీ ఏహెచ్‌సీఐ పెట్టి సేవ్ చేస్తే ఏమీ జరగనట్టు లేస్తుంది. ఇది తెలీక ఎంతమంది డేటా పోగొట్టుకున్నారో, నా దగ్గరికి వచ్చేవాటిలో కూడా చూస్తుంటాను, బాధేస్తుంది.

పూర్ణామార్కెట్ డీటీపీ

అందరికీ చాలా థాంక్స్ అండి. అంకుల్ చెప్పినట్టు ముందు ఫైళ్లు తీసేసుకున్నాను, ఎస్‌ఎస్‌డీవీ హార్డ్ డిస్క్‌వీ రెండూ మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లోకి కాపీ అయ్యాయి, ప్రాణం లేచొచ్చింది. బ్యాటరీ కూడా మార్చాను, పాతదాన్ని వాచీ షాపాయన మీటర్ పెట్టి చూస్తే రెండు వోల్టులు కూడా లేదు.

ఇవాళ పొద్దున్న షాపు తియ్యగానే తమ్ముడు చెప్పిన వరసలో చేశాను, మా ఆయన టార్చి పట్టుకున్నారు. అన్నీ తీసేసి ఒక్క ర్యామ్ ఉంచాను, అదే ఆట. ముందు వైర్లు లాగేసి స్క్రూడ్రైవర్‌తో ఆన్ చేశాను, ఆన్ అయింది, మళ్లీ అదే ఆట. ర్యామ్ మార్చినా స్లాట్ మార్చినా తేడా లేదు. బజర్ పెట్టి ర్యామ్‌లు రెండూ తీసేసి కూడా చూశాను, బీప్ లేదు, తిరగడం ఆగడం తిరగడం ఆగడం.

ఇక్కడొక డౌట్. యూట్యూబ్‌లో చూసి మా ఆయన ఎస్‌ఎంపీఎస్‌ని బోర్డు నుంచి విడదీసి ఆకుపచ్చ వైరుకీ నల్ల వైరుకీ పేపర్ క్లిప్పు పెట్టారు, దాని ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంది. అంటే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టేనా? అయితే బోర్డే పోయినట్టా?

చిప్‌లెవెల్ తమ్ముడు

బాగున్నట్టు కాదక్కా. క్లిప్పు పెడితే దాని మీద లోడ్ ఏమీ లేదు, ఒక్క ఫ్యాన్ తిప్పడానికి ఎంత కరెంట్ కావాలి? బోర్డు, ప్రాసెసర్ తగిలించినప్పుడే దాని బలం తెలుస్తుంది. క్లిప్ టెస్ట్‌లో ఫ్యాన్ తిరక్కపోతే ఎస్‌ఎంపీఎస్ పోయిందని ఖాయంగా చెప్పొచ్చు, తిరిగితే మాత్రం బాగుందని చెప్పలేం.

ర్యామ్ లేకుండా బీప్ రాలేదంటే చాలావరకు ర్యామ్‌ని వదిలెయ్యొచ్చు. పూర్తిగా కాదు, కొన్ని బోర్డులు ర్యామ్ లేకపోతే బీప్ బదులు ఇలాగే ఆరి వెలుగుతుంటాయి. ఇంక మిగిలింది ఎస్‌ఎంపీఎస్ మార్చి చూడ్డం. రేపు పొద్దున్నే, మర్చిపోకండి, చల్లగా ఉన్నప్పుడే.

మల్టీమీటర్ ఉంటే ఇంకోటి చూడొచ్చు. 24 పిన్నుల కనెక్టర్ బోర్డుకి పెట్టి ఉండగానే వెనక నుంచి మీటర్ ముల్లు గుచ్చి చూడాలి. పసుపు వైరు 12, అంటే 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఎరుపు 5, అంటే 4.75 నుంచి 5.25. నారింజ 3.3. ఊదా రంగుది సిస్టమ్ ఆపి ఉన్నా 5 చూపించాలి, అది స్టాండ్‌బై. మీటర్‌లో కరెక్ట్‌గా ఉన్నా సరే ఎగుడుదిగుళ్లు మీటర్‌కి కనపడవు, దానికి ఆసిలోస్కోప్ కావాలి, అందుకే వేరేది పెట్టి చూడ్డమే మంచిదంటాను. అన్నట్టు మీ ఆయనకి చెప్పండి, ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దని. లోపల పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్ తీసేసినా కాసేపు అలాగే ఉంటుంది.

మధురవాడ టెకీ

ఇంకోటి చెక్ చేయండి, యూపీఎస్ ద్వారా ఇస్తున్నారా? యూపీఎస్ బ్యాటరీ వీక్ అయినా స్టార్టింగ్‌లో ఇలా పడిపోవచ్చు, ఒకసారి డైరెక్ట్‌గా గోడ ప్లగ్‌కి పెట్టి చూడండి. కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుందా? అంటే ఆ ప్లగ్‌కి ఎర్తింగ్ లేదని అర్థం, పాత బిల్డింగుల్లో ఇది చాలా కామన్, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరిచేయించుకోండి, సిస్టమ్ కోసమే కాదు మీ కోసం కూడా.

కొత్త సిస్టమ్ గురించి కూడా ఆలోచించండి అక్కా, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, మీ మూడో జనరేషన్ ఐ3కి విండోస్ 11 అఫీషియల్‌గా రాదు, ఎనిమిదో జనరేషన్ నుంచే.

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్

సపోర్ట్ సంగతి నిజమే బాబూ, కానీ ఆమె చేసేది పేజ్‌మేకర్ 7లో, అది 2001లో వచ్చిన సాఫ్ట్‌వేర్, దాని తర్వాత వెర్షనే రాలేదు. దానికి కావాల్సింది కుదురుగా పని చేసే పాత సిస్టమే. నెట్ తీసేసి డీటీపీ పని వరకే వాడుకుంటే ఇబ్బంది లేదు, బ్యాంకు పనులు, మెయిళ్లు మాత్రం అందులో చెయ్యొద్దు. సీజన్ మధ్యలో పని ఆపి కొత్తదానికి అలవాటు పడమనడం ధర్మం కాదు. పెళ్లివారు ముహూర్తం మార్చుకోరు కదా.

పూర్ణామార్కెట్ డీటీపీ

వచ్చేసిందండీ! పక్క జిరాక్స్ షాపు అన్నయ్యని అడిగి ఆయన ఎస్‌ఎంపీఎస్ పెట్టి పొద్దున్నే ఆన్ చేశాను. యూపీఎస్ లేకుండా డైరెక్ట్‌గానే. ఒక్క నొక్కుకే టిక్‌మని ఒక బీప్, కంపెనీ లోగో వచ్చేసింది. బయాస్‌లో ఐడీఈ అనే ఉంది, మార్చుదామా వద్దా అని భయపడి అలాగే ఉంచి ఎస్‌ఎస్‌డీ పెడితే విండోస్ లేవలేదు, నీలం స్క్రీన్ వచ్చింది, ఏహెచ్‌సీఐ పెట్టగానే లేచింది. మీరు ముందే చెప్పకపోతే ఇక్కడ నేను మళ్లీ సర్వీస్ వాళ్ల దగ్గరికే పరిగెత్తేదాన్ని.

కొత్త ఎస్‌ఎంపీఎస్ ఏది తీసుకోమంటారు?

చిప్‌లెవెల్ తమ్ముడు

శుభం. మీ సిస్టమ్‌కి గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి 450 వాట్స్ ఎక్కువే, వాట్స్ కోసం చూడకండి. కేబినెట్‌తో ఉచితంగా వచ్చేలాంటివి మాత్రం వద్దు, ఎత్తి చూస్తే తేలిగ్గా ఉంటాయి, పైన రాసిన నంబరుకీ లోపల ఉన్నదానికీ సంబంధం ఉండదు. 80 ప్లస్ గుర్తు (కరెంట్ వృథా తక్కువని చెప్పేది) ఉండి మూడేళ్లకి తగ్గకుండా వారంటీ ఉన్నది తీసుకోండి. నేను ద్వారకానగర్‌లోనే చేస్తాను, అటు వస్తే పాతది పట్టుకురండి, లోపలేముందో చూసి చెప్తాను.

చిప్‌లెవెల్ తమ్ముడు

అక్క పాత ఎస్‌ఎంపీఎస్ తెచ్చిచ్చారు, విప్పాను. వైర్లు బయటికొచ్చే వైపు వరసగా ఉన్న కెపాసిటర్లలో మూడింటికి తల బల్లపరుపుగా ఉండాల్సింది ఉబ్బి పైకి లేచింది, ఒకదాని తల మీద గీత చీలి గోధుమరంగు జిగురు బయటికొచ్చి గట్టిపడిపోయింది, కింద బోర్డు కూడా నల్లబడింది. 1000 మైక్రోఫారడ్ అని రాసున్నదాన్ని తీసి మీటర్‌కి పెడితే అందులో సగం కూడా చూపించట్లేదు. డబ్బా అడుగున ఇనుము తుప్పు పట్టి పొడి రాలుతోంది, అది మన గాలి పుణ్యం.

ఇలాంటిది చూడకుండా మదర్‌బోర్డ్ పోయిందని చెప్పెయ్యడం చాలా తప్పు. బోర్డు పోయింది అనేది అన్నీ విడదీసి చూశాక ఆఖర్న చెప్పాల్సిన మాట.

పూర్ణామార్కెట్ డీటీపీ

కొత్త ఎస్‌ఎంపీఎస్ వేసుకున్నాక అంతా బాగుంది, కార్డుల పని నడుస్తోంది. కానీ నిన్న రాత్రంతా వాన, ఇవాళ పొద్దున్న ఆన్ చేస్తే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది, డిస్‌ప్లే లేదు, ఈసారి బజర్ మాత్రం ఆగి ఆగి పొడుగ్గా కూస్తోంది. మళ్లీ మొదటికొచ్చిందా అని గుండె ఆగినంత పనైంది.

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్

కంగారు పడకమ్మా, ఇది అది కాదు. ఫ్యాన్ ఆగట్లేదు, బజర్ కూస్తోంది అంటే కరెంట్ బాగుంది, బోర్డు బతికే ఉంది, తనకి ఏం కావాలో చెప్తోంది కూడా. బీప్‌ల భాష బయాస్ కంపెనీని బట్టి మారుతుంది గానీ పొడుగ్గా ఆగి ఆగి కూస్తే ఎక్కువ బోర్డుల్లో ర్యామే. ఇందాక ఉప్పు అన్నాను చూడు. ప్లగ్ తీసి ర్యామ్ బయటికి తీసి వెలుతుర్లో పళ్లు చూడు.

పూర్ణామార్కెట్ డీటీపీ

అవునండీ! బంగారు రంగు పళ్ల మీద సన్నటి నల్ల చారలు ఉన్నాయి, ఒక చివర రెండు మూడు పళ్ల మొదట్లో పచ్చగా చిలుం పట్టింది, ఇత్తడి కుందికి పడుతుందే అలాంటిది. ఇన్నాళ్లూ చేత్తో తీసి పెట్టాను గానీ దగ్గరగా చూళ్లేదు. ఏం చెయ్యమంటారు, రబ్బరుతో రుద్దమని అందరూ అంటారు, రుద్దొచ్చా?

చిప్‌లెవెల్ తమ్ముడు

రుద్దొచ్చక్కా, పెన్సిల్ రబ్బరు, మెత్తటి తెల్లది, పెన్ను చెరిపే నీలం రంగు వైపు వాడొద్దు, అది గరుగ్గా ఉండి పూత లేపేస్తుంది. పళ్లు ఉన్న వైపు పొడుగునా గట్టిగా కాకుండా రెండు వైపులా తుడవండి. రబ్బరు పొడి స్లాట్‌లో పడకుండా దూరంగా చెయ్యండి. తర్వాత మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ కాకుండా, ఎలక్ట్రానిక్స్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని అడగండి, 99 శాతంది, దాన్ని పాత బట్ట ముక్క మీద వేసి పళ్లు తుడిచెయ్యండి. ఉప్పు ఆల్కహాల్‌కి అంత కరగదు కాబట్టి ముందు ఆ బట్టని డిస్టిల్డ్ వాటర్‌తో కొంచెం తడిపి ఒకసారి, తర్వాత ఆల్కహాల్‌తో ఒకసారి. స్లాట్‌లోకి అదే ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి టూత్ బ్రష్‌తో పైపైన. అరగంట ఆరనిచ్చి ర్యామ్ పెట్టి రెండు వైపులా టక్ టక్ మని లాక్ పడేదాకా నొక్కండి.

ముందు ఎస్‌ఎంపీఎస్ గొడవ ఉన్నంతకాలం దీని సంగతి బయటపడే అవకాశమే లేదు, అక్కడే ఆగిపోయేది కదా. పాత సిస్టముల్లో, అందులోనూ సముద్రం దగ్గర ఉన్నవాటిలో ఇలా రెండు జబ్బులు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉండటం మామూలే.

మధురవాడ టెకీ

చిలుం బాగా పట్టిన ర్యామ్ అయితే తుడిచినా కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది, పూత పోయాక కింద రాగి బయటపడిపోతుంది. డీడీఆర్3 సెకండ్ హ్యాండ్‌ది ఒకటి తీసి పక్కన పెట్టుకోండి. కొనేముందు మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రౌండ్ నడిపి చూడమనండి.

పూర్ణామార్కెట్ డీటీపీ

తుడిచాను, మొదటి నొక్కుకే లేచింది. ముసురు ఇంకా తగ్గలేదు, అయినా లేచింది. చిలుం ఉన్న ర్యామ్ తీసి పక్కన పెట్టాను, ఇప్పుడు 4 జీబీ మీదే నడుపుతున్నాను, పేజ్‌మేకర్‌కి అది చాలు.

అంకుల్, మళ్లీ ఇలా కాకుండా ఏం చెయ్యాలి? సీపీయూ కిటికీ పక్కనే ఉంటుంది, కిటికీ హార్బర్ వైపే. రాత్రి ప్లాస్టిక్ కవర్ కప్పి వెళ్తాను.

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్

ముందు కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకి జరుపు, నేల మీద కాకుండా చిన్న బల్ల మీద. కవర్ కప్పడం మంచిదే కానీ ఆపిన వెంటనే కప్పకు, లోపలి వేడి తగ్గాక గుడ్డ కవర్ వెయ్యి, ప్లాస్టిక్ అయితే లోపల చెమ్మ నిలిచిపోతుంది. వానాకాలంలో పని లేని రోజు కూడా, ఆదివారం అయినా సరే, ఎవరైనా షాపు తీస్తే ఒక గంట ఆన్ చేసి ఉంచండి, లోపల వెచ్చగా ఉంటే తేమ నిలవదు. వానలు మొదలయ్యే ముందు ఒకసారి, తగ్గాక ఒకసారి మూత తీసి బ్లోయర్ కొట్టించి ర్యామ్ పళ్లు తుడుచుకో. ఫైళ్లు మాత్రం వారానికోసారి వేరే డిస్క్‌లోకి వెయ్యి, పని పూర్తయిన కార్డులు పీడీఎఫ్ కూడా చేసి పెట్టుకో, అప్పుడు ఫాంట్ లేకపోయినా తెరుచుకుంటాయి.

పూర్ణామార్కెట్ డీటీపీ

అలాగే అంకుల్. ఇవాళే బల్ల జరిపించాను. జిరాక్స్ అన్నయ్య సిస్టమ్ కూడా పొద్దున్న పూట మొరాయిస్తోందట, ఈ థ్రెడ్ ఆయనకి పంపించాను, ఆయనకేమైనా డౌట్లు ఉంటే ఇక్కడే అడగమన్నాను.